ఎండి గిన్నె నల్లవడ్డ దినం

మా బిడ్డ రచనకు అత్తగారింట్ల ఏడో నెలల శ్రీమంతం చేసిననాడు నేనొక పని చేసిన. గాజులు తొడగనీకె ఐదుగురు ముత్తైదులు కావాలె. నలుగురు కూసున్నరు. ఐదో మనిషి రచన యారాలు అక్షిత. ఇంటికి పెద్దకోడలు. తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకొని తలుపు కాడ నిలవడ్డది. నిరుడు ఆమెకు ఆరో నెలల కడుపు పోయింది. ఆ చెయ్యి నా బిడ్డ చేతికి తాకితె ఏమైతదో అనుకున్న. పక్కింటామెను పిలిచి ఆ జాగల కూసోవెట్టిన.

"అక్క రాదా?" అని రచన అడిగింది.

"తన కడుపు యాదికొస్తదట. తనే కూసోనన్నది. నువ్వు గా ముచ్చట తియ్యకు, బాధపడ్తది" అని చెవుల చెప్పిన.

అక్షిత వంటింట్లకు పోయింది. ఆనాడు నలభై మందికి వడ్డించింది. నాకు కూడా వడ్డించింది. "ఇంకింత ఏసుకో చిన్నమ్మా" అన్నది. మొఖంల ఏం లేదు. ఏం లేకపోవుడే నాకు భయమైంది.

తొలి కాన్పు తల్లిగారింట్ల కావాలె. తొమ్మిదో నెల రాంగనే రచనను కోరుట్లకు తోల్కరావాలె, నా కండ్ల ముందట కనాలె. నాకు కావాల్సింది అదొక్కటే. దినాలు దగ్గరవడంగ ఆగలేక ఎనిమిదో నెలలనే బిడ్డ అత్తగారింటికి పోయిన. కోరుట్ల నుంచి సిరిసిల్లకు బస్సు, ఆడికెళ్లి ఎల్లంతకుంట దిక్కు ఆటో.

ఆ ఇంట్ల మొగోళ్లు లేరు. మామ సచ్చిపోయిండు. పెద్దకొడుకు వినోద్, మా అల్లుడు నవీన్ ఇద్దరు మస్కట్‌ల ఒక్క కంపెనీల పనిచేస్తరు. ఇల్లు నడిచేది ఫోన్ల మీద. ఎవలి మాట ముందుగాల మస్కట్ చేరితె గదే నిజం. అత్త శంకరవ్వకు గది బాగ తెలుసు, కోడండ్లకు గూడ తెలుసు. నాకు పోయిన రెండు దినాలకు తెలిసింది.

పగటి అన్నాలైనంక నలుగురం ఒక్క మంచం మీద కూసోని అక్షిత ఫోన్ల చీనా రాజుల సీరియల్ చూసేటోళ్లం. తెలుగుల మాట్లాడ్తరు. రాజుకు పదిహేనుమంది పెండ్లాలు. రాజు కనవడేది తక్కువ, పెండ్లాలు ఒకల మీద ఒకలు పన్నాగాలు పన్నుడే ఎక్కువ.

"గీ చీనోళ్లు అన్నమెప్పుడు తింటరే? ఎప్పుడు చూసినా చాయ్ తాగుడే" అన్నది శంకరవ్వ.

"తింటె సస్తరు గదా అత్తమ్మా" అని రచన నవ్వింది.

గా దినం ఒక రాణి గిన్నెల దాసి ఎండి సూది ముంచింది. సూది నల్లగైంది. విషం కలిపిన రాణిని జుట్టు వట్టి గుంజుకపోయిండ్రు. అక్షిత నా దిక్కు చూసింది.

"ఎండి అబద్ధమాడదట చిన్నమ్మా."

"పాతకాలపు మాట. నిజమే ఉంటది" అన్న.

తెల్లారి అక్షిత రచనకు గుడ్డు ఉడకవెట్టి, వేడివేడిగ మెదిపి, మిరియాలపొడి చల్లి తెచ్చింది. స్టీలు గిన్నెల కాదు. శ్రీమంతానికి నేను జగిత్యాలల కొని పెట్టిన ఎండి గిన్నెల. "తల్లిగారి గిన్నెల తింటె పిల్లకు బలం" అన్నది. రచన సగం తిని, ఇగ చాలని కిటికీల పెట్టి పండుకున్నది.

నేను బట్టలు ఆరేసి వచ్చి చూసిన. గుడ్డు అంటుకున్నకాడల్ల గిన్నె నల్లగున్నది. కొంగుతోని రుద్దిన. పోలేదు.

"బిడ్డా, కడుపుల నొప్పి ఉన్నదా?" అని లేపి అడిగిన.

"కొంచెం గ్యాస్ ఉన్నదమ్మా."

నాకు గంతే చాలు. గిన్నెను నా సంచిల చీరల కింద దాసిన. ఎవ్వలిని అడగలేదు. బర్ల కొట్టం ఎనుకకు పోయి నవీన్‌కు ఫోన్ కొట్టిన.

"అల్లుడా, నీ పెండ్లాం తిండిల విషం కలుస్తున్నది. నేను కండ్లార చూసిన."

"ఎవలు కలిపిండ్రు అత్తమ్మా?" అని అడిగిండు.

అక్షిత పేరు చెప్పిన. చెప్పేటప్పుడు నాకు అనుమానమే లేదు.

గంట కాకముందే వినోద్ పెండ్లానికి ఫోన్ చేసిండు. అక్షిత ఫోన్‌ను స్పీకర్ల పెట్టి అర్రల నడుమ, అందరి ముందట పెట్టింది.

"ఏం చేసినవే? తమ్ముడు ఈడ పని ఇడిసిపెట్టి ఏడుస్తున్నడు" అన్నడు వినోద్.

"గుడ్డు ఉడకవెట్టిన. నువ్వు ఫోన్ పెట్టెయ్యకు, ఇను. చిన్నమ్మా, నీ సంచిల చీరల కింద గిన్నె ఉన్నది, తే."

ఎప్పుడు చూసిందో ఏమో, నేను తెచ్చిన. శంకరవ్వ చూసి నోట్లె చెయ్యి పెట్టుకున్నది. రచన గోడకు ఆనుకొని నిలవడ్డది.

అక్షిత పొయ్యి మీద ఉడుకుతున్న గుడ్డు తెచ్చి ఒలిచింది. సగం తను తిన్నది. సగం పళ్లెంల మెదిపి, తన కాలి పట్టగొలుసు ఇప్పి అండ్ల పెట్టి, పైన మూత బోర్లించింది. అరగంట ఎవ్వలు లేవలేదు. ఫోన్ల వినోద్ రెండుసార్లు "ఏమైంది?" అన్నడు. మూత తీసింది. గొలుసు నల్లగున్నది.

"పెండ్లికి ముందు సిరిసిల్లల ఎండి దుకాణంల మూడేండ్లు పనిచేసిన. గుడ్డు తిన్న చెయ్యి కడుక్కోక సరుకు ముట్టుకోవద్దని మొదటి దినమే చెప్పిండ్రు. గుడ్డు తగిల్తె ఎండి నల్లవడ్తది. తోమితె పోతది."

శంకరవ్వ నా దిక్కు తిరిగింది. "వదినె, నన్నొక్క మాట అడిగితె నీ సొమ్మేం పోయేది? నా ఇంట్ల విషమున్నదని సముద్రం అవతల దాంక చాటించినవు గదా!"

"భయంతోని అన్న వదినె."

"భయమా? జైలుకు పంపే భయమా?"

తీర్పు మస్కట్ నుంచి వచ్చింది. నవీన్ నాతోని మాట్లాడలేదు, తల్లితోని చెప్పిండు. రచన కోరుట్లకు పోదు, కాన్పు సిరిసిల్లలనే. రచన అడ్డం చెప్తదని నేను చూసిన. చెప్పలేదు.

"అమ్మా, తన కడుపు పోయిన దుఃఖం మింగి నాకు చేస్తున్నది అక్క. గందుకే పాపం శ్రీమంతంల కూసోలేకపోయింది. గసుంటామెను గంత మాటంటవా? నేను అక్కకాన్నే ఉంట."

నేను పోయి సంచి సదురుకున్న. అక్షిత తోమిన గిన్నె పట్టుకొని వచ్చింది.

"గుడ్డు సంగతి తెలిసే పెట్టినవు" అన్న మెల్లగ.

"అవును చిన్నమ్మా."

"రచనతోని చెప్త."

"చెప్పు, పక్కర్రల్నే ఉన్నది. ఎందుకు పెట్టిన్నో గది గూడ చెప్పు." గిన్నెను అరుగు మీద పెట్టింది. "శ్రీమంతంనాడు నువ్వు రచన చెవులనే చెప్పినవు గని, నీ గొంతు పెద్దది."

పక్కర్రలకు పోయిన. రచన కాళ్లు వాసి ఉన్నయి. మొన్న చూపిచ్చినప్పుడు బీపీ ఎక్కువున్నదన్నరట. ఇప్పుడు చెప్తె పానం మీదికొస్తదని నోరు మూసుకున్న. గదొక్కటే కారణమంటె నిజం కాదు.

"పోతున్న బిడ్డా."

"చేరినంక ఫోన్ చెయ్యమ్మా."

ఆటో దాంక అక్షితనే వచ్చింది.

"దానికేం కాదు గదా?" అని అడిగిన.

"నీ మీదున్నది తీరింది. రచన మీద నాకేమున్నది? అక్కా అని పిలుస్తది."

"ఒట్టు పెట్టు."

"ఒట్టు పెడ్తె నమ్ముతవా చిన్నమ్మా?" అని, డ్రైవరుకు సిరిసిల్ల బస్టాండ్ కాడ దించుమని చెప్పింది.

ముప్పై నాలుగు దినాలు కోరుట్లల కూసున్న. ఫోన్ మోగితె సచ్చిపోయిందని చెప్తరేమో అనుకున్న. మోగకపోతె చెప్పనీకె భయపడ్తున్నరు అనుకున్న. ముప్పై ఐదో దినం పొద్దుగాల అక్షిత చేసింది.

"ఆడపిల్ల. మూడు కిలోలున్నది. ఇద్దరు మంచిగున్నరు."

"ముందుగాల ఎవలెత్తుకున్నరు?"

"నేనే." ఫోన్ల ఎనుక పిల్ల ఏడుస్తున్నది. "ఎల్లుండి రా చిన్నమ్మా. బాలింత స్నానాలకు వాయిలాకు తే, ఈడ దొరుకుతలేదు."

రేపే ఎందుకు రావద్దని అడగబోయి ఆగిన. పొలం గట్టుకు పోయి వాయిలాకు కోసి, తడిబట్టల కట్టిన. మా ఆయన నర్సింగం చూసి, "ఎన్ని దినాలుంటవు?" అన్నడు.

"ఆమె ఎన్ని దినాలు ఉండుమంటె అన్ని."

"ఎవలు, రచననా?"

"కాదు" అన్న.