అమ్మ తొట్టి

"చీరలు పెద్దమ్మకే ఇచ్చేయ్ నాయనా. నాకు అమ్మ ఎర్రలు చాలు," అని కూతురు రూపశ్రీ ఫోన్లో చెప్పినప్పుడు రాజారత్నం మాస్టారు మిద్దె మెట్ల వైపు చూశాడు. ఎర్రలంటే వానపాములు. మిద్దె మీద సిమెంటు తొట్టిలో ఆయన భార్య పంకజాక్షి పెంచినవి. కూరగాయల తొక్కలూ టీపొడీ వేసి ఎరువు చేసేది. "నీ పురుగుల సంసారం ఎట్లుండాది?" అని ఆయన ఎగతాళి చేసేవాడే గాని, వాటికి ఏం పెడతావని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఆమె పోయాక చేసిన కర్మ దినం నాడు చిత్రాన్నం, పులుసు, ఊరగాయ చాలా మిగిలిపోయాయి. ఆమె పేరున వండింది చెత్త బండి పాలు కావడానికి ఆయనకు మనసొప్పలేదు. గంపెడూ తెచ్చి ఆ తొట్టిలోనే పోసి, చేత్తో అదిమి, పైన గోనెపట్టా కప్పాడు. ఆమెకే పెట్టినట్టనిపించింది. మళ్ళీ మిద్దెక్కేసరికి పుల్లటి కంపు. వానపాములు తొట్టి దాటి వచ్చి, ఎండకు దారప్పోగుల్లా ఎండి నేలకు అంటుకుపోయి ఉన్నాయి. ఎవరూ చూడకముందే ఊడ్చేశాడు.

కూతురి ఫోన్ వచ్చాక బంగారుపాళ్యం దాకా పోయి, ఒక మామిడితోటలో అడిగి కొత్తవి తెచ్చాడు. తొట్టి కడిగి, మట్టీ పేడా నింపి అందులో వదిలాడు.

రూపశ్రీ వచ్చింది. పట్టా ఎత్తి గుప్పెడు మట్టి అరచేతిలోకి తీసుకుంది.

"సూడు నాయనా, ఎంత నున్నగా ఉండాయో! అమ్మ చేతి తిండి గదా."

"ఊఁ," అన్నాడు మాస్టారు.

"ఎండకు పెట్టకుండా బాగానే చూసుకున్నావే. నీకు చేతకాదేమో అనుకున్నా."

ఆ మెచ్చుకోలుకు ఆయన తల ఎత్తలేకపోయాడు. బడిలో పిల్లలు అబద్ధమాడితే కొట్టేవాడు కాదు. ముఖంలోకి చూస్తూ ఊరుకునేవాడు. ఇప్పుడు తన ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

ఆ మట్టీ ఎర్రలూ నింపిన నూనె డబ్బాను ఒడిలో పెట్టుకుని ఆమె బస్టాండులో కూర్చుంది. పక్కన నిలబడ్డ మాస్టారు మెల్లగా అన్నాడు.

"అవి మీ అమ్మవి కాదమ్మా."

"ఏందీ?"

"కొత్తవి. తోటలో తెచ్చినాను. మీ అమ్మవి... దినం అన్నం ఏసినాను. చచ్చిపోయినాయి."

తిరుపతి బస్సు వచ్చింది, పోయింది. రూపశ్రీ లేవలేదు. మూత తీసి డబ్బాలోకి చాలాసేపు చూసింది. కోప్పడితే బాగుండునని ఆయన ఎదురుచూశాడు.

"వీటికేం పెట్టకూడదో చెప్పు నాయనా," అంది, తల ఎత్తకుండానే.

"ఉప్పు," అన్నాడు మాస్టారు. ఆ తరవాత వేళ్ళు మడుస్తూ, "పులుసు, ఊరగాయ..." అని ఒక్కొక్కటే చెప్పాడు.