కిరీటి తెర

కిరీటి అంటే నాకు అసూయ. ఈ మాట ముందే చెప్పేయడం నయం. లేకపోతే మా ఆయన జకరయ్యలాగా మీరు కూడా "పాపం ఆ అబ్బాయి నిన్నేమన్నాడే?" అని అడుగుతారు. ఏమీ అనలేదు. అదే నా బాధ.

నా పేరు హెలెన్. మాది తెనాలి. రోజూ రైల్లో బాపట్ల వెళ్లి, అక్కడి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. పన్నెండేళ్లుగా అదే పని. ల్యాబ్‌లో అరవై కంప్యూటర్లున్నాయి, అన్నీ ముసలివే. స్విచ్ వేసి, వెళ్లి టీ తాగొస్తే అప్పటికి తెరుచుకుంటాయి. నా ఒక్క కంప్యూటరు మాత్రం పరుగెత్తేది. ఎందుకంటే బరువైన హంగులన్నీ పీకేసి, అందులో పిడికెడంత విండో మేనేజర్ ఒకటి పెట్టుకున్నాను. తెర మీద విండోలను సర్దిపెట్టడమే దాని పని. మామూలు కంప్యూటర్లో విండోలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఇందులో అలా కుదరదు. ఒకటి తెరిస్తే తెరంతా దానిదే, రెండోది తెరిస్తే చెరి సగం. మూడోది వస్తే, భోజనాల బంతిలో ఆలస్యంగా వచ్చినవాడికి జరిగినట్టు జరిగి చోటిస్తాయి. ఒక తెర చాలకపోతే అలాంటివి తొమ్మిది ఉంటాయి. వాటిని నేను గదులంటాను. మూడు నొక్కితే మూడో గది, ఏడు నొక్కితే ఏడో గది. మౌస్‌తో పనే లేదు.

దీనికి సెట్టింగుల బటన్లూ గట్రా ఉండవు. ఏది మార్చాలన్నా ఒక ఫైలు తెరిచి, వరుసలు చేత్తో దిద్ది, ప్రోగ్రామును మళ్లీ తయారు చేసుకోవాలి. ఆరేళ్లు దిద్దాను ఆ ఫైలుని. నల్లటి తెర, విండో చుట్టూ సన్నటి గీత, అంతే. మా హెచ్.ఓ.డి. ప్రకాశరావు గారు కాలేజీకి ఎవరొచ్చినా నా బల్ల దగ్గరికి తీసుకొచ్చి, "మా హెలెన్ మౌస్ ముట్టుకోదండి" అని చూపించేవారు. ఆ ఒక్క మాటకి నెల రోజులు బతికేదాన్ని.

జూన్‌లో కిరీటి చేరాడు. ఇరవయ్యారేళ్లవాడు. రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి, నేనెక్కే బండే ఎక్కుతాడు. అతనూ అదే విండో మేనేజర్ వాడతాడని తెలిసి మొదటిరోజు సంతోషపడ్డాను కూడా. రెండోరోజు అతని తెర చూశాను. విండోల మధ్య వేలెడంత ఖాళీలు. ఆ ఖాళీల్లోంచి, అతనే సూర్యలంకలో తీసిన పొద్దుటిపూట సముద్రం. పైన పట్టీలో గదుల అంకెలకు బదులు తొమ్మిది చుక్కలు. మనం ఉన్న గది చుక్క ఒక్కటే వెలుగుతుంది.

"ఈ ఖాళీలు ఎందుకయ్యా? చోటంతా దండగ" అన్నాను.

"కంటికి హాయిగా ఉంటదని మేడమ్" అన్నాడు.

ఇంటికెళ్లి నా లాప్‌టాప్‌లో నేనూ ఖాళీలు పెట్టి చూశాను. బాగున్నాయి. ఒళ్లు మండి తీసేశాను.

ఇక రైల్లో అతను లాప్‌టాప్ తెరిచాడంటే చుట్టూ జనం. ఒకరోజు అమృతలూరు పెద్దాయన ఒకాయన మెడ చాచి చూసి, "ఏంటి బాబూ, అవి వాటంతటవే సర్దుకుంటన్నయ్యే! భలే ఉందే!" అన్నాడు. ఇదే బండిలో ఎన్నేళ్లు తిరిగాను! నా తెరకేసి ఒక్కరు మెడ తిప్పిన పాపాన పోలేదు. నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను. ల్యాబ్‌లో పిల్లలు కూడా అంతే. "కిరీటి సార్, మాకూ అలా పెట్టరా" అని అతని చుట్టూ మూగేవాళ్లు. నా బల్ల దగ్గరికి హాజరు పుస్తకం కోసం తప్ప ఎవరూ రావడం మానేశారు.

ఈ ఏడాది ప్రాక్టికల్ పరీక్షలకి ప్రశ్నపత్రం కాగితం మీద కాకుండా తెర మీదే ఇవ్వాలని నిర్ణయించారు. దానికి ముసలి కంప్యూటర్లు చురుగ్గా పనిచేయాలి. ప్రకాశరావు గారు మా ఇద్దరినీ పిలిచారు.

"మీ ఇద్దరిలో ఒకళ్లది అరవైలోనూ ఎక్కిద్దాం. ఎవరిది ఎక్కితే వాళ్లే ల్యాబ్ ఇన్‌ఛార్జి. కిరీటిది చూడ్డానికి బాగుంది కాబట్టి ముందు అతనిది ఇరవై మెషిన్లలో వేసి, శుక్రవారం కమిటీకి చూపిద్దాం. ఏదన్నా తేడా వస్తే మీది ఉండనే ఉందమ్మా" అన్నారు.

పన్నెండేళ్లు నేను కాపాడుకొచ్చిన ల్యాబ్‌లో నాది 'ఉండనే ఉంది' అయిపోయింది. ఆదివారం చర్చిలో మోకరించి, శుక్రవారం ఏదన్నా తేడా రానీ ప్రభువా అనబోయి నాలుక కరుచుకున్నాను. పైకి అనలేదు గాని, మనసులో కోరిక మాత్రం అలాగే ఉంది.

శుక్రవారం ఉదయం కమిటీవాళ్లు ముగ్గురు వచ్చారు. ఇరవైమంది విద్యార్థులు కూర్చున్నారు. అప్పటిదాకా ప్రోగ్రాములు రాయించి చూశారే తప్ప ప్రశ్నపత్రం తెరిచి చూడలేదు. సీలు వేసిన పత్రం లాంటిదే కదా, ముందు ఎలా తెరుస్తారు? ప్రకాశరావు గారు సరే అనగానే పిల్లలందరూ మీట నొక్కారు. ఏమీ రాలేదు. మళ్లీ మళ్లీ నొక్కారు. ఇరవై తెరల మీదా సూర్యలంక సముద్రం ప్రశాంతంగా ఉంది.

నాకు ఎంత ఆనందం కలిగిందో చెప్పలేను. చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాను. కిరీటి ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి పరుగెత్తుతున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"తెరుచుకుంటోంది సార్, కనపట్టంలేదు" అన్నాడు. ఆ మాటకి కమిటీలో ఒకాయన నవ్వాడు.

"హెలెన్, ఒకసారి చూడమ్మా" అన్నారు ప్రకాశరావు గారు.

కావాలనే నిదానంగా నడిచి, ముందు వరుసలో ఒక పిల్లాణ్ణి లేపి అతని కుర్చీలో కూర్చున్నాను. తెరుచుకుని కనపడలేదంటే వేరే గదిలో తెరుచుకుని ఉండాలి. మామూలు పట్టీలో అయితే, ఏ గదిలోనైనా విండో ఉంటే ఆ అంకె దగ్గర చిన్న చదరం కనపడుతుంది. కిరీటి అందం కోసం ఆ చదరాలు తీసేశాడు. ఒక్కో గదే నొక్కుకుంటూ వెళ్లాను. తొమ్మిదో గదిలో దొరికింది. ఒకటి కాదు, ఆ పిల్లాడు ఎన్నిసార్లు నొక్కాడో అన్ని ప్రశ్నపత్రాలు. ఒకటి సగం తెర ఆక్రమించగా, మిగతా పదీ పక్కన బెత్తెడు బెత్తెడు పీలికలుగా ఇరుక్కుని ఉన్నాయి.

"సోకు కోసం గుర్తులు తీసేస్తే ఇలాగే ఉంటదండి" అన్నాను, అందరికీ వినపడేటట్టు.

కిరీటి తల వంచుకున్నాడు. అక్కడితో ఆపితే పోయేది. కానీ తప్పు మొత్తం బయటపెట్టాలని అతని ఫైలు కూడా తెరిచాను. ఏ ప్రోగ్రాం ఏ గదిలో తెరుచుకోవాలో చెప్పే వరుసల దగ్గరికి వెళ్లాను. అక్కడుంది. ప్రశ్నపత్రంలాంటి పీడీఎఫ్‌లు చూపించే ప్రోగ్రాం ఎప్పుడూ తొమ్మిదో గదిలోనే తెరుచుకోవాలని ఒక వరుస. దాని పక్కనే ఒక గమనిక: "కదపొద్దు – హెలెన్."

అది నేను రాసిన వరుసే. నాలుగేళ్ల కిందటిది. మా చర్చి స్త్రీల సమాజం పాటల పుస్తకం పీడీఎఫ్‌లో ఉంటుంది. ఆదివారం పాడాల్సినవి ల్యాబ్‌లోనే చూసుకునేదాన్ని. ప్రకాశరావు గారు హఠాత్తుగా వస్తే కనపడకూడదని, ఆ పుస్తకం ఎప్పుడూ తొమ్మిదో గదిలో తెరుచుకునేలా పెట్టుకున్నాను. తర్వాత అలవాటైపోయి, ఆ వరుస సంగతే మర్చిపోయాను. కిరీటి ల్యాబ్ కోసం కొత్తగా ఏదీ రాయలేదు. అందరికీ అందేలా ల్యాబ్ సర్వర్లో నేను పెట్టిన నా ఫైలే తీసుకుని, దాని మీద తన అందాలు అద్దాడు.

"ఏంటమ్మా అది?" అన్నారు ప్రకాశరావు గారు. ఆయన కళ్లజోడు బల్ల మీద ఉండిపోయింది, కమిటీవాళ్లు దూరంగా ఉన్నారు. ఆ వరుస చదవగలిగింది నేనూ కిరీటీ మాత్రమే.

కిరీటి తెరని చూశాడు, నన్ను చూశాడు. "తప్పు నాదే సార్. నేనే సరిగ్గా చూసుకోలేదు" అన్నాడు.

"పోనీలే. హెలెన్‌దే ఎక్కించేద్దాం" అన్నారాయన. కమిటీ వాళ్లు తలూపి టీ తాగడానికి పక్క గదిలోకి వెళ్లారు. ల్యాబ్ నాదయింది.

వరండాలో కిరీటిని పట్టుకున్నాను. "ఆ పేరు చూశావుగా? ఎందుకు చెప్పలేదు?"

"మీరు కదపొద్దని రాశారు కదండీ. మీరు పెట్టారంటే ఏదో కారణం ఉండే ఉంటదని ఉంచేశా. నేను వాడేది వేరే పీడీఎఫ్ ప్రోగ్రాం, అందుకే నాకు తేడా తెలియలేదు. మిమ్మల్ని అడగాల్సింది మేడమ్. గుర్తులు తీసేసింది కూడా నేనే కదా."

వెటకారం ఉందేమోనని అతని ముఖమంతా వెతికాను. లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

అప్పుడు నాకు వచ్చిన కుళ్లు, అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. ఖాళీలు, చుక్కలు, సముద్రం – అవి నేను కూర్చుంటే వారంలో చేసేస్తాను. ఇది నేను చేయగలిగేది కాదు. నేనే అతని స్థానంలో ఉంటే, "ఇదిగో సార్, హెలెన్ గారి పేరు" అని కళ్లజోడు తెచ్చిచ్చి మరీ చూపించేదాన్ని. ఇక రోజూ అతను నా ఎదురుగా కూర్చుంటాడు, ఈ మంచితనం వేసుకుని. నేను ఇన్‌ఛార్జి కుర్చీలో కూర్చుని అది చూస్తూ ఉండాలి. నా వల్ల కాదు. నా తప్పు మీదేసుకున్న ఆ గొప్పొక్కటైనా అతనికి దక్కనివ్వకూడదనుకున్నాను.

పక్క గదిలోకి వెళ్లాను. కిరీటి వెనకే వచ్చాడు. "సార్, ఆ వరుస నాది" అని మొదలుపెట్టి, పాటల పుస్తకం సంగతి, ఎవరికి కనపడకూడదని దాచానో ఆ సంగతి, అన్నీ చెప్పేశాను. కమిటీ ఆయన మళ్లీ నవ్వాడు. ప్రకాశరావు గారు నవ్వలేదు.

"నాలుగేళ్లా అమ్మా?"

"రోజూ కాదండి."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "అయితే ఆ ఒక్క వరుస తీసేస్తే కిరీటిది సరిగ్గా పనిచేస్తుందా?"

చేయదని చెప్పొచ్చు. ఆ గదిలో నాతో వాదించగలిగినవాడు కిరీటి ఒక్కడే, అతను నోరెత్తడు.

"చేస్తుందండి" అన్నాను.

"మరింకేం. అరవైలోనూ అదే ఎక్కించండి. కిరీటీ, ల్యాబ్ ఇక నువ్వు చూసుకో. హెలెన్ సాయం చేస్తుంది."

ఆ వరుసని నా చేత్తోనే చెరిపేశాను. ప్రోగ్రాం మళ్లీ తయారుచేసి, ఇరవై మెషిన్లకీ పంపించి, పిల్లల్ని మళ్లీ లాగిన్ అవ్వమన్నాను. మీట నొక్కగానే ప్రశ్నపత్రం చక్కగా వచ్చి కూర్చుంది, చుట్టూ వేలెడంత సముద్రంతో. పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరూ కిరీటికేసే చూస్తున్నారు.

"మేడమ్, ఆ చదరాలు మళ్లీ పెట్టేద్దామా? మీరెలా అంటే అలా" అన్నాడు కిరీటి నా దగ్గరికొచ్చి.

"నీ ల్యాబ్, నీ ఇష్టం" అన్నాను.

నిజం చెప్పేస్తే మనసు తేలికవుతుందని చిన్నప్పటినుంచీ వింటున్నాను. నాకు కాలేదు. సాయంత్రం తెనాలిలో దిగేదాకా కడుపు మండుతూనే ఉంది. సాయం చేస్తుందట.