ఎకో పెంచిన చెయ్యి

ఆ ఆదివారం జీవరత్నం అరిచిన అరుపు ఎవరికీ వినపడలేదంటే అది పచ్చి అబద్ధం. బట్టీల కాలనీ ప్రార్థన మందిరంలో ఆ పూట రెండొందల మందికి తక్కువ లేరు. పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నపు బట్టీల్లో రాయి కొట్టేవాళ్లు, బట్టీ నింపేవాళ్లు, కాలిన సున్నాన్ని బస్తాలకెత్తేవాళ్లు. వాళ్లందరి ముందు పాస్టరు అయ్యగారు ఆమె రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. అరచేతుల తోలు లేచిపోయి ఉంది. మధ్యలో ఎర్రగా, అంచుల్లో తెల్లగా.

"చూడండి ప్రియులారా! దురాత్మ ఈ సహోదరిని ఎట్లా కాల్చిందో చూడండి!" అంటూ తైలం సీసా మూత తీసి ఆ పుండ్ల మీద పోశాడు.

"మంట! అన్నా, మంట!"

జీవరత్నానికి నలభై ఏళ్లు దాటాయి. మనసు మాత్రం ఆరేళ్ల దగ్గరే నిలబడిపోయింది. ఆమె అయ్యగారి వంక చూసి అరవలేదు. వేదిక మూల యాంప్లిఫయర్ ముందు కూర్చున్న యేసుపాదం వంక చూసి అరిచింది. అయ్యగారు కూడా అటే చూసి కనుబొమ్మ ఎగరేశాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ సైగకు అర్థం ఒకటే. యేసుపాదం చెయ్యి దానంతటదే వెళ్లి గుండ్రటి మర తిప్పింది. ఎకో పెరిగింది. "పో! పో! పో!" అన్న అయ్యగారి కేక రేకుల కప్పుకు కొట్టుకుని పదింతలైంది. దాని అడుగున ఆడమనిషి గొంతు నలిగిపోయింది. రెండొందల మంది "ఆమెన్" అన్నారు.

యేసుపాదం కూడా అన్నాడు.

ఐదో తరగతిలో బడి మానేసి బట్టీలో చేరిన మనిషి అతను. నలభై ఏళ్ల పని. చెమట పట్టిన చేతికి కాలిన సున్నం తగిలితే తోలు ఎట్లా లేస్తుందో, అంచు ఎందుకు తెల్లబడుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మందిరంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ మచ్చ లేని ఇల్లు కాలనీలో లేదు. అయినా వాళ్లు దాన్ని దయ్యం కాల్చిన గాయమనుకున్నారు. అనుకున్నారా? అట్లా అనుకోవడం తేలిక గనక అనుకున్నారు.

*

మూడేళ్ల కిందట జీవరత్నం తల్లి కరుణమ్మ మంచాన పడింది. చివరి రోజుల్లో యేసుపాదాన్ని పిలిపించింది. "అయ్యా, దీనికి అన్నం కలిపి పెట్టకపోతే తినదు. సంఘానికి అప్పజెప్తన్నా. నువ్వు సంఘంలో ఉన్నావుగా, నాకు అది చాలు" అంది.

సమాధి కార్యక్రమం అయ్యాక సంఘం తీర్మానం రాసింది. సంఘ పెద్ద బెంజిమిన్ నడిపే కృపా నిలయంలో జీవరత్నాన్ని ఉంచాలని, ఆమె మంచిచెడ్డలు నిలయమే చూడాలని. మొదటి సంతకం యేసుపాదానిదే. బట్టల మూట ఒక చేత్తో, జీవరత్నం చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని నిలయం గేటు దాకా తీసుకుపోయిందీ అతనే. బెంజిమిన్‌కి మూడు బట్టీలున్నాయి. మందిరం రేకులు అతను వేయించినవే. కాలనీ సమాధుల తోట అతని పొలం. అతని తాత ఇదే కాలనీలో రాళ్లు మోసినవాడని ముసలివాళ్లకు గుర్తుంది గానీ ఎవరూ అనరు.

నిలయానికి పోయాక కూడా ఆదివారం వస్తే జీవరత్నానికి ఒక పని ఉండేది. మందిరం గుమ్మం దగ్గర కూర్చుని, అందరూ విడిచిన చెప్పుల్ని జతలు జతలుగా సర్దేది. అంకెలు రాకపోయినా ఏ జత ఎవరిదో ఆమెకు తెలుసు. ఆరాధన అయ్యాక ఎవరూ వెతుక్కునేవాళ్లు కాదు. ఈ మధ్య ఆరు నెలలుగా చెప్పులు గుట్టగా పడి ఉంటున్నాయి. జనం వంగి వెతుక్కుంటూ, విసుక్కుంటూ పోతున్నారు. రత్నం ఎందుకు సర్దడం లేదని ఒక్కరూ అడగలేదు.

*

అరుపు అణిగిన ఆ ఆదివారం సాయంత్రమే హజ్రా బీ యేసుపాదం గుమ్మంలోకి వచ్చింది. బెంజిమిన్ బట్టీలోనే బస్తాలు కుట్టే మనిషి. నోరు పెద్దది.

"తమ్ముడూ, మీ రత్నం ఒళ్లు కాలిపోతంది. జొరం. మీ షెర్లీ, నేనూ ఆటోలో ఎక్కిచ్చుకుపోయి పెద్దాసుపత్రిలో పడేసొచ్చాం. నీ బిడ్డ ఆడే ఉంది. నిలయం వాచ్‌మన్ అడ్డమొస్తే చెప్పు చూపిచ్చా."

యేసుపాదం తల దించుకున్నాడు. షెర్లీ అతని కూతురు. నరసరావుపేటలో నర్సింగ్ రెండో సంవత్సరం. సెలవులకు వచ్చింది.

"అసలు ఏం జరిగిందక్కా?"

"ఏం జరిగిందని నన్నడుగుతన్నావా? తెల్లారగట్ట ఎనక గేటు తీసి నిలయంలో పదకొండు మందినీ బట్టీలోకి తోలుతన్నాడు మీ పెద్ద. సేవంట. కూలీ లేదు, చేతికి గుడ్డపేలిక లేదు. బస్తాలు నింపిస్తన్నాడు. ఏడిస్తే కర్ర. ఒకాయనకి కళ్లు కనపడవు, ఆయన్ని కూడా." ఆమె గొంతు తగ్గింది. "ఆరు నెల్ల నుంచి చూస్తన్నా తమ్ముడూ. మీ చర్చీ గొడవ నాకెందుకులే అని నోరు మూసుకున్నా. అల్లా నన్ను అడగడా?"

షెర్లీ రాత్రికి ఇంటికొచ్చింది. కంచం ముందు కూర్చుని తినలేదు.

"నాన్నా, డాక్టరు చూడంగానే సున్నం అన్నాడు. నీకు ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు. రాలేదు.

"చెయ్యి పైకెత్తినప్పుడే."

"తెలిసి ఎకో పెంచావా?"

అంతే అడిగింది. ఆ తర్వాత వారం రోజులు తండ్రితో మాట్లాడలేదు.

*

శుక్రవారం బెంజిమిన్ తీర్మానం కాగితం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. ఆదివారం మధ్యాహ్నం జీవరత్నాన్ని డిశ్చార్జి చేసి నిలయానికి పంపేటట్టు మాట తీసుకున్నాడు. షెర్లీ ఎదురు చెప్పబోతే ఆసుపత్రి గుమస్తా ఆ కాగితమే చూపించాడు. "సంఘం ఒప్పజెప్పిందమ్మా. కింద మీ నాన్న సంతకమే ఉంది, చూసుకో."

ఆ కబురు విని శనివారం పొద్దుపోయే వేళ హజ్రా బీ ఇంటి ముందు పాతిక మంది కూడారు. కేసు పెడదామన్న మాట రాగానే అందరూ ఒకేసారి మాట్లాడారు.

"కేసంటే దేవుడి పేరు బజార్న పడిద్ది. లోకం నవ్విద్ది."

"ఇప్పుడు నవ్వట్లేదా? బట్టీలో ఇతర మతపోళ్లు చానామంది చూశారు."

"అదంతా సరే. బెంజిమిన్ మనల్ని సంఘం నుంచి తీసేస్తే? సమాధుల తోట ఆయనది. చచ్చినాక ఏడ బూడ్చిపెడతారు మనల్ని?"

అసలు భయం అదే. కూలి పోతే ఇంకో బట్టీ ఉంది. తల్లీ తండ్రీ పడుకున్న చోట చోటు లేకపోతే ఎట్లా?

హజ్రా బీ లేచింది. "బతికున్నదాని చేతులు కాలుతంటే, చచ్చినాక మీరు పండుకునే చోటు గురించి ఏడుస్తన్నారేందయ్యా! కరుణమ్మ ఆడే పండుకుందిగా, కూతురు సంగతి అడిగితే ఏం చెప్తారు?"

"తప్పు బెంజిమిన్‌దే అని మనం పోతే మనమూ దొంగలమే" అన్నాడు యేసుపాదం మెల్లగా. "ఆయన కొట్టాడు. అయ్యగారు కప్పెట్టాడు. మనం ఆమెన్ అన్నాం. నేను సౌండు పెంచా. అప్పజెప్పింది సంఘం. ఎనక్కి తీసుకోవాల్సిందీ సంఘమే. రేపు సాక్ష్యాల టైములో నేను లేస్తా."

"నువ్వు లేస్తే?"

"మీరు కూర్చుంటే నా ఖర్మ. లేస్తే రత్నం బతుకు."

*

ఆదివారం ఎండ రేకుల మీద మాడుతోంది. పాటలయ్యాయి. "సాక్ష్యం చెప్పేవాళ్లు రావచ్చు" అన్నాడు అయ్యగారు. ఉద్యోగం వచ్చిందని ఒకరు, పాము కరవకుండా తప్పించుకున్నానని ఇంకొకరు చెప్పే సమయం అది. యేసుపాదం యాంప్లిఫయర్ ముందు నుంచి లేచాడు. లేచే ముందు ఎకో మర పూర్తిగా వెనక్కి తిప్పేశాడు. మైకు అందుకున్నాడు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు." అతని గొంతు చప్పగా, ఒంటరిగా వినిపించింది. ఆ మందిరంలో ఎకో లేని గొంతు వినడం జనానికి కొత్త. "నా సాక్ష్యం ఏందంటే, నేను ద్రోహిని. జీవరత్నం చేతులు దయ్యం కాల్చలేదు. సున్నం కాల్చింది. బెంజిమిన్ గారి బట్టీలో సున్నం. నేను చూడంగానే గుర్తుపట్టా. గుర్తుపట్టి, దాని అరుపు మీకు వినపడకుండా సౌండు పెంచా."

"సహోదరుడా, సాతాను నిన్ను వాడుకుంటున్నాడు..." అయ్యగారు మైకు కోసం చెయ్యి చాపాడు.

ముందు కుర్చీలో బెంజిమిన్ లేచాడు. "ఒరేయ్ పాదం! తాగొచ్చావా ఏందిరా? కరెంటు తీసెయ్యండ్రా!"

కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. మైకు చచ్చిపోయింది. యేసుపాదం దాన్ని కింద పెట్టాడు. ఇక అరిచాడు.

"సున్నం కాలిన మచ్చ ఒంటి మీద లేనోళ్లు ఎవురన్నా ఉంటే చెయ్యెత్తండి! ఒక్కళ్లు! ఎత్తి, నాకు తెలవక ఆమెన్ అన్నా అని చెప్పండి!"

ఏ చెయ్యీ లేవలేదు. ఎంతసేపో లేవలేదు.

తర్వాత ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలామె లేచింది. ముసుగు సర్దుకుని, కుడిచెయ్యి ఎత్తి అరచెయ్యి తిప్పి చూపించింది. పాత మచ్చ, తెల్లటి అంచు. "నాకు తెలుసు" అంది. "నాకూ తెలుసు" అని ఇంకో చెయ్యి. ప్రతి ఆదివారం స్తుతికి లేచే చేతులే. ఈసారి కళ్లు మూసుకోకుండా లేచాయి. చాప తర్వాత చాప, వరస తర్వాత వరస.

"తీర్మానం రద్దు! రత్నం మా బిడ్డ!"

"మీ బతుకులు ఏమైతయ్యో ఆలోచించుకోండి!" బెంజిమిన్ గొంతు చిరిగింది. "రేపు ఎవరు చచ్చినా నా పొలంలో పార పడనియ్యను!"

"మా శవాల్ని నీ బట్టీల ముందు దించుతాంలేయ్యా!" అంది ముసలామె. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో సగం భయం పోయింది.

రత్నాన్ని నిలయం నుంచి వెనక్కి తీసుకుంటున్నామని కొత్త తీర్మానం అక్కడే రాశారు. నూటముప్పై మూడు వేలిముద్రలు, సంతకాలు. అందరూ లేవలేదు. డెబ్భై మంది దాకా కళ్లు దించుకుని కూర్చున్నారు. గుమ్మం దగ్గర చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. వెతుక్కునే తీరిక లేదు, డిశ్చార్జి వేళ దగ్గరపడింది. జనం మాడే రోడ్డు మీద ఒట్టి కాళ్లతో ఆసుపత్రికి నడిచారు. వార్డు ముందు బెంజిమిన్ కారు అప్పటికే ఆగి ఉంది. తలుపుకి అడ్డంగా షెర్లీ, హజ్రా బీ కూర్చుని ఉన్నారు. వెనక నూటముప్పై మంది కూర్చున్నారు. కొత్త తీర్మానం చదివి డాక్టరు డిశ్చార్జి కాగితం చింపేశాడు.

*

ఆ సాయంత్రమే కేసు పెట్టడానికి పోతే పోలీసు స్టేషన్లో ఎస్.ఐ. విసుగ్గా అడిగాడు. "ముద్దాయిలు ఎవరయ్యా?"

"ఒకటి, బెంజిమిన్. రెండు, పాస్టరు గారు. మూడు..." యేసుపాదం తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "యేసుపాదం. తండ్రి పేరు ఇజ్రాయేలు. బట్టీల కాలనీ."

"నువ్వేగా ఫిర్యాదిచ్చేది! సాక్షివో ముద్దాయివో తేల్చుకో."

"రెండూ సార్. తీస్కపోయి అప్పజెప్పింది నేను. అరుపు నొక్కింది నేను. నా పేరు లేకుండా రాస్తే ఈ కాగితం అబద్ధం."

బెంజిమిన్‌ని పిలిపించి కుర్చీ వేశారు, టీ ఇచ్చి పంపేశారు. యేసుపాదాన్ని మాత్రం ఆరాధన చెడగొట్టాడన్న బెంజిమిన్ ఫిర్యాదు మీద లోపల కూర్చోబెట్టారు. అతను ఆశ్చర్యపోలేదు. ఏళ్ల తరబడి తప్పించుకున్న చోటు అదేననిపించింది.

మర్నాడు పొద్దున షెర్లీ అన్నం క్యారియర్ తెచ్చింది. వారం తర్వాత తండ్రితో మాట్లాడింది.

"రత్నమ్మత్త లేచి కూర్చుంది నాన్నా. చేతులకి కట్లున్నయ్యి గదా, వార్డు బయట చెప్పుల్ని కాలితో జరిపి జత చేస్తంది. నీ జత కనపడలేదని అడిగింది."

రత్నం తనని క్షమించిందా అని అడగబోయి మానుకున్నాడు యేసుపాదం. ఆమెకు క్షమించడం తెలియదు, పగా తెలియదు. అందుకే ఆ భారం దిగేది కాదు.

"బట్టీకి ఎవురన్నా పోయారా?"

"ఒక్కరూ పోలా. మూడు బట్టీల్లోనూ రాయి పొయ్యలేదు, బొగ్గు పొయ్యలేదు. అందరూ నిలయం గేటు ముందు కూర్చున్నారు. లోపల ఇంకా పదిమంది ఉన్నారుగా." ఆమె క్యారియర్ గిన్నెలు విప్పుతూ ఆగింది. "ఇను."

మెయిన్‌రోడ్డు లారీల హోరు మధ్య నుంచి దూరంగా గొంతులు వస్తున్నాయి. మైకు లేదు, ఎకో లేదు. ఒక్కో పేరు పిలుస్తున్నారు. లోపల ఉన్న పదిమంది పేర్లు, ఒకదాని తర్వాత ఒకటి. ప్రతి పేరుకీ జవాబు వచ్చేదాకా ఆగుతున్నారు.

యేసుపాదం మర తిప్పిన కుడిచెయ్యిని ఒళ్లో గట్టిగా పట్టుకుని వింటున్నాడు.