రెండో తుంటి

మా తమ్ముడు తుంటి ఎముకల డాక్టరు. ఆపరేషన్ థియేటర్ బయట ఎవరు "ఎంతసేపు పడుతుంది?" అని అడిగినా వాడిది ఒకటే జవాబు: "అయ్యాక చెప్తాం, కూర్చోండి." అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఎడమ తుంటి అరిగిపోతే తమ్ముడే ఎముక తలను చెక్కి, దానిమీద లోహపు టోపీ బిగించాడు. "మా బావమరిది నాకు టోపీ పెట్టాడు" అని ఈయన కనిపించినవాళ్లందరికీ చెప్పి నవ్వేవారు. నాలుగేళ్లు తిరక్కుండానే అది వదులైంది. మళ్లీ కోసి, మొత్తం తుంటే మార్చాల్సి వచ్చింది. అప్పట్నుంచి నిచ్చెన మీద ఆ కాలు తడబడుతోంది. కుడికాలి బలంతోనే నెట్టుకొస్తున్నారు. ఇప్పుడు కుడి తుంటీ మొరాయించింది. దీనికి వేసే టోపీ కూడా నిలవకపోతే ఆయన పనికి నీళ్లొదులుకోవాల్సిందే.

తమ్ముణ్ణి వంటింట్లో కూర్చోబెట్టి అడిగాను.

"మొదటిది ఎందుకు వదులైందిరా? నిజం చెప్పు."

"నేను వెనక నుంచి కోస్తానక్కా. అలా కోస్తే ఎముక తలకి రక్తం తెచ్చే నాళం దెబ్బతినొచ్చు. టోపీ కింద ఎముక చచ్చిపోతే అది నిలవదు. బావకి అదే జరిగిందని గట్టిగా చెప్పలేను. కాదనీ చెప్పలేను."

"అయితే ఈసారి ముందు నుంచి చెయ్యి."

"నా చెయ్యి అలా అలవాటు పడలేదు. ఆ దారిలో నాకు సరిగ్గా కనిపించదు. టోపీ వంకరగా కూర్చుంటే అదీ త్వరగానే పోతుంది. నా దగ్గర పనిచేసి వెళ్లిన డాక్టరమ్మ ఒకావిడ ముందు నుంచే చేస్తుంది."

పక్కగదిలోంచి ఈయన అరిచారు. "ఎవరో ఎందుకు? మా బావమరిదే చెయ్యాలి!"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను ఊ అంటే వాడు చేసేసేవాడే.

"నువ్వు చెయ్యొద్దురా" అన్నాను.

వాడి మొహం మాడిపోయింది. ఎత్తుకుని పెంచిన తమ్ముడు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఈయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. ఆపరేషన్ రోజు ఆ డాక్టరమ్మ ఈయన్ని లోపలికి తీసుకెళ్లింది. తమ్ముడు మామూలు చొక్కాలో వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. లేచాడు. తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాడు.

"అక్కా, ఎంతసేపు పడుతుందంటావు?"

"అయ్యాక చెప్తారు, కూర్చో."

ఎత్తిపొడుద్దామనే అన్నాను. కానీ చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కున్నాను. వాడు కూర్చున్నాడు.