తిరగెయ్యని ఫోటో

శనివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎనిమిదో తరగతి పిల్లలు కంచాలు కడిగి బడి స్లాబు మీదికి ఎక్కుతారు. సైన్సు చెప్పే శివశంకర్ సారు అక్కడ ఎండతో ఫోటోలు అచ్చువేయడం నేర్పిస్తాడు. అది పుస్తకంలో ఉన్న పాఠం కాదు, పరీక్షలో రాదు. ఎవరి పిచ్చి వాళ్లకానందం.

పని కష్టమైందేమీ కాదు. ఫోన్లో తీసిన ఫోటోను గోపాల్‌పేట జిరాక్స్ షాపులో నలుపు తెల్లగా, తెలుపు నల్లగా తిరగేయించి ప్లాస్టిక్ షీటు మీద తీయించుకోవాలి. మందు పూసి చీకట్లో ఆరబెట్టిన కాగితం మీద ఆ షీటు పరిచి, పైన అద్దం పెట్టి, పది నిమిషాలు ఎండలో ఉంచాలి. ఎండ తగిలినచోట నీలం పడుతుంది, తగలనిచోట తెలుపు మిగులుతుంది. నీళ్లలో కడిగితే బొమ్మ తేలుతుంది.

అచ్చు ఎట్లా పడితే అసలుది కూడా తెల్లారేసరికి అట్లాగే అయ్యేది. రాకేష్ వాళ్ల మేక ఫోటో మీద వెంట్రుక ఒకటి పడితే, మేక వీపున తెల్లచార వచ్చింది. సుమన షాపులో చెప్పి ఇంటి గోడ నెర్రెను ఫోటోలో చెరిపిస్తే, గోడే అతుక్కుంది. ఊళ్లో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. గోడలు కట్టి బతికే సుతారి రాములు మాత్రం సారుతో మాటలు మానేశాడు. సారు ముందుజాగ్రత్తగా మనుషుల ఫోటోలు వద్దన్నాడు.

ఆ శనివారం రజిత తెచ్చింది మనుషుల ఫోటోనే.

ఆమె తండ్రి శాంతయ్య కట్టే బిల్డింగు మీది నుంచి పడి, ఇరవై రోజులుగా వనపర్తి దవాఖానలో కళ్లు తెరవలేదు. సోమవారం ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. మొదట్లో ఏడ్చిన రజితకు ఇప్పుడు ఏడుపు కూడా రావడం లేదు. పెడితే తింటోంది, పిలిస్తే పలుకుతోంది, అంతే.

"మనుషులను వద్దంటిని కదమ్మా," అన్నాడు సారు.

"సోమవారం తీస్కపొమ్మన్నరు సార్."

సారు షీటు వెలుతురుకు పట్టి చూశాడు. నిరుడు బీచుపల్లి గుడి మెట్ల మీద తండ్రీ కూతుళ్లు దిగిన సెల్ఫీ. ఇద్దరూ కళ్లు విప్పార్చి నవ్వుతున్నారు. షాపతను తిరగెయ్యడం మరిచిపోయి ఉన్నదున్నట్టే తీసిచ్చాడు.

"గిది తిరగెయ్యలే. మొకాలు నల్లగైతయి, జుట్టు తెల్లగైతది. మల్ల తీయించుకొస్తవా?"

"కరెంటు పోయి షాపు బంద్ పెట్టిండు. రేపు ఆదివారం."

"మీ నాయనొక్కన్ని కత్తిరిద్దామా?"

"తలకాయలు ఆనుకొని ఉన్నయి సార్. కత్తిరిస్తే నాయనకు చెవు పోతది."

సారు షీటును ఆమె చేతికిచ్చాడు. "మీ నాయన ముసలోడైతడు రజితా. నువ్వు గూడ ముసలిదానివైతవు."

"ముసలోళ్లైతే ఏంది సార్. ఉంటడు గద."

కాగితం ఆమే పరిచింది. అద్దం పెట్టింది. పిల్లలు తమ నీడ పడకుండా దూరంగా జరిగారు. సారుకు ఏడుపొచ్చింది, దాచుకోకుండానే ఏడ్చాడు. రజిత మాత్రం ఆయన చేతి గడియారం వైపు చూస్తూ నిలబడింది. పది నిమిషాలయ్యాక కాగితం తీసి బకెట్లో ముంచింది. నీలంలో రెండు తెల్లజుట్టు తలలు తేలాయి.

ఆదివారం పొద్దున తల్లి లలితమ్మ కూతురి తల దువ్వుతూ ఒక్కసారి చెయ్యి ఆపింది. జుట్టంతా విరగబూసిన పత్తి. మొహం నల్లబడింది, మెడ మీద చర్మం ముడతలు పడింది. లలితమ్మ మళ్లీ దువ్వి, రెండు జడలు వేసి, చివర్లు గట్టిగా కట్టింది.

"మోకాళ్లు నొస్తున్నయా?" అని అడిగింది.

"జరంత," అంది రజిత.

అప్పుడే దవాఖాన నుంచి ఫోనొచ్చింది. శాంతయ్య కళ్లు తెరిచాడట.

వాళ్లు వెళ్లేసరికి ఆయన దిండుకు ఆనుకుని ఉన్నాడు. మొహం నల్లబడి తల నెరిసిపోయింది, చూపు మాత్రం తేటగా ఉంది. లలితమ్మ డాక్టరు దగ్గర ఆగింది. రజిత ఒక్కతే మెల్లగా మంచం దాకా నడిచింది.

శాంతయ్య ఆమెను చూసి కాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు.

"కూసో అవ్వా," అన్నాడు. "నా బిడ్డ కోసం చూస్తున్న. బడికి పోయినట్టుంది. వస్తది."

"వస్తది," అంది రజిత.

మంచం అంచున కూర్చుని ఆయనకు చెంచాతో నీళ్లు తాగించింది. ఇన్ని రోజులకు ఆమెకు ఏడుపొచ్చింది.