జనగామ జోసెఫ్

బార్ట్రం అనే తెల్లదొర సికింద్రాబాద్ దండులో నాలుగు బల్లలు వేసి మొదలుపెట్టిన భోజనశాల, ఆయన జుట్టు నెరిసేలోగా బొంబాయి, రంగూన్, కొలంబో, సింగపూర్ దాకా పాకింది. పెద్దయుద్ధం ఎన్నో ఊళ్ళను కూల్చింది గానీ బార్ట్రం కంపెనీని మాత్రం లేపి నిలబెట్టింది. పటాలం ఎక్కడ దిగితే అక్కడ ఒక హోటల్ లేచింది. కంపెనీ వ్యాపార రహస్యం ఒక్కటే, ఎక్కడా తేడా ఉండకూడదు. బొంబాయి సూపులో పడిన ఉప్పే రంగూన్ సూపులోనూ పడాలి. దుప్పటి మడత ఒకటే, చెంచా పెట్టే చోటు ఒకటే. చివరికి పెద్ద బేరర్ పేరు కూడా ఒకటే. ఏ దేశంలోని హోటల్లోనైనా అతను జోసెఫే. ఊరికో పేరు నేర్చుకోవాలంటే పాపం దొరల నాలుక అరిగిపోదూ!

అలా జనగామ స్టేషను పక్కనున్న నాలుగు గదుల హోటల్లో పోశాలు జోసెఫ్ అయ్యాడు. బొగ్గు గనులకూ, అడవిలో వేటకూ పోయే దొరలకు అదొక మజిలీ. పోశాలుది పాలకుర్తి దగ్గర పల్లె. పెళ్ళాం యాకమ్మను అక్కడే ఉంచి వచ్చాడు. హోటల్ ఆవరణలో నౌకర్ల ఇంటివాళ్ళు ఉండరాదని కంపెనీ కట్టుబాటు.

అయినా ఇద్దరికీ ఒక ఆశ ఉండేది. తనిఖీకి వచ్చే వెంకట్రాం అనే పెద్దమనిషి ఒకసారి సూపు తాగి, మూతి తుడుచుకుంటూ, "ఇట్లనే నడిపించు జోసెఫ్, నిన్ను కొలంబోకు పంపుత" అన్నాడు. ఆ మాట పట్టుకుని పోశాలు పండుగకు ఇంటికి పోయినప్పుడు, "ఇద్దరం పోదాం, సముద్రం సూద్దువు" అన్నాడు. యాకమ్మ ఊరంతా చెప్పుకుంది. ఆ పండుగ తరువాత ఎన్ని పండుగలు పోయాయో! ఆశ లావు, పీక సన్నం అని ఊరకే అన్నారా?

దేశానికి స్వతంత్రం వచ్చి ఏడాది కావస్తోంది, నైజాం రాజ్యంలో మాత్రం ఇంకా తుపాకుల మోత. పల్లెల్లో భూస్వాముల మీద తిరగబడ్డ సంఘం, పట్నంలో నైజాం తరఫున రజాకార్లు. వేటకు పోయే దొరలు తామే వేటైపోతామని మానుకున్నారు. మానుకోట నుంచి వచ్చిన వంటవాడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ఊడ్చేవాడూ పోయాడు. పోశాలు ఒక్కడే మిగిలాడు. పొద్దున లేచి ఎవరూ పడుకోని పక్కల దుప్పట్లు తీసి దులిపి మళ్ళీ పరిచేవాడు. మధ్యాహ్నం బల్ల మీద గిన్నెలు పెట్టి, గంట కొట్టి, గోడకు ఆనుకుని నిలబడేవాడు. ఎవరూ రారు. సూపు చల్లారాక వంటింట్లో నిలబడి తనే తాగేవాడు. మనిషి గొంతు వినాలనిపిస్తే రైలు వచ్చే వేళకు ప్లాట్‌ఫారం మీదికి పోయి నిలబడేవాడు. అంత ఒంటరితనం పగవాడికి కూడా వద్దు.

తొలకరి దుక్కులు మొదలయ్యే మిరుగం కార్తెకు ముందు ఒక పొద్దున యాకమ్మ తమ్ముడు కనకయ్య గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని, అమ్ముకునేవాడిలా పట్నంలోకి వచ్చాడు. రజాకార్ల కళ్ళు కప్పాలంటే అదే దారి. వంటింటి గుమ్మంలో మోపు దించి ఊపిరి తీసుకున్నాడు.

"బావా, సంఘపోళ్ళు మన ఊరి దొర భూమి పంచుతున్నరు. మనకు చెరువెనక చెలక వచ్చింది. ఎల్లుండి అందరి ముంగట నాగలి కట్టాలె. ఇంటి మొగోడు కట్టిన నాడే భూమి ఆ ఇంటిదైతది. అక్క నిన్ను ఎంటబెట్టుకొని రమ్మన్నది."

పోశాలు గుండె ఎగిరి గంతేసింది. మరుక్షణమే కుదేలైంది. నిన్ననే రైలు గార్డు చెప్పాడు, ఈ వారంలోనే వెంకట్రాం తనిఖీకి వస్తాడట. ఏ రోజో చెప్పడు. చెప్పకుండా దిగడమే ఆయన పద్ధతి. ఆయన దిగిన వేళకు పొయ్యి మీద సూపు లేకపోతే కొలంబో గంగలో కలిసినట్టే.

"జర వారం ఆగుమను కనకయ్యా."

"మిరుగం ఆగుతదా బావా?"

"కొలంబో పోతే మీ అక్క సుఖపడతది. దొరలెనక తుపాకులున్నయి. ఆ భూమి ఎన్నాళ్ళు నిలుస్తదో ఏమో."

"గా ముచ్చట నువ్వే వచ్చి అక్కకు చెప్పరాదు?"

పోశాలు గిన్నెలో సూపు పోసి తాగమన్నాడు. కనకయ్య వద్దన్నాడు. మోపు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఎల్లుండి రానే వచ్చింది, పోనే పోయింది. ఆ రోజంతా పోశాలు ఒకే దుప్పటిని ఎన్నిసార్లు పరిచాడో అతనికే తెలియదు.

వెంకట్రాం వారం దాటాక దిగాడు. పక్క మీద వేలు రాసి దుమ్ము చూశాడు. సూపు తాగాడు. "శభాష్ జోసెఫ్, బొంబాయిల తాగినట్టే ఉన్నది" అన్నాడు. ఆ తరువాత తాపీగా అసలు సంగతి చెప్పాడు. కంపెనీ ఆఫ్రికాలో కొత్తగా హోటళ్ళు కొన్నదట. లాభం లేని జనగామను మూసేస్తున్నదట. కొలంబోలో జోసెఫ్ చచ్చిపోయాడట, ఆ చోటు ఇతనికే.

"మా ఇంటిది గూడ వస్తది సార్."

"ఎక్కడికొస్తది? జోసెఫ్‌కు మెట్ల కింద గది. ఒక్కడు కాళ్ళు చాపుకుంటే నిండిపోతది. అన్ని హోటళ్ళల్ల అట్లనే. నీకొక్కనికి మార్చుతరా?"

ఇన్నేళ్ళూ ఏ తేడా రాకుండా హోటల్ కాచిన మనిషికి ఆ లెక్క ఎందుకు తట్టలేదో! తాళాలు అప్పగించి, నెలాఖరుకు బొంబాయిలో ఓడ ఎక్కుతానో లేదో తరువాత చెబుతానని, పోశాలు ఊరి దారి పట్టాడు. దారి పొడుగునా ఒకటే మాట కట్టుకున్నాడు. 'కొలంబో వద్దు, ఏదీ వద్దు. యాకమ్మ కాళ్ళ మీద పడి ఇక్కడే ఉంటనని చెప్త.'

చెరువెనక చెలకలో జొన్న మొలకెత్తి ఉంది. సాళ్ళు వంకరటింకరగా ఉన్నాయి. గట్టు మీద కనకయ్య కనబడ్డాడు.

"ఎవరు దున్నిండ్రు?"

"అక్కనే. నీకోసం పొద్దెక్కిందాక సూసింది. ఆడది నాగలి ముడితే వానలు రావని ముసలోళ్ళు అడ్డం పడ్డరు. 'మొగడు రాకుంటె భూమి ఇడిసిపెట్టాల్నా?' అని మేడి పట్టింది. నేను ఎడ్లు పట్టిన. రాత్రికే వాన కొట్టింది. భూమి అక్క పేరు మీదనే ఇచ్చిండ్రు."

పోశాలు ఇంటికి పోయాడు. యాకమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. మంచం వాల్చి, దాని మీద ఉతికిన గొంగడి పరిచింది. పెట్టెలోంచి ఇత్తడి పళ్ళెం తీసి జొన్న రొట్టె పెట్టింది. ఆమె అరచేతులు బొబ్బలు కట్టి పగిలి ఉన్నాయి. అతను రొట్టె తుంచలేకపోయాడు.

"యాకమ్మా, నేను ఇగ ఇక్కడ్నే ఉంటే?"

ఆమె నవ్వింది.

"ఉండు, ఎవలద్దన్నరు? వచ్చిన సుట్టాన్ని ఎల్లగొడ్తమా? మల్ల బండి ఎప్పుడున్నదో చెప్పు, దారికి రొట్టెలు చేస్త."

ఆ నవ్వులో కోపం కోసం అతను వెదికాడు. కోపం ఉంటే కాళ్ళు పట్టుకునేవాడు, తిడితే పడేవాడు, నాలుగు రోజులకైనా మెత్తబడేది. కోపం లేదు. చేను గట్టున గడ్డి కోయాలని, చీకటి పడేలోగా వస్తానని చెప్పి, ఆమె కొడవలి తీసుకుని వెళ్ళిపోయింది. పోశాలు ఆమె పరిచిన గొంగడి నలగకుండా మంచం అంచున కూర్చుని, తన ఇంట్లో తానే సుట్టమై, ఏడ్చాడు.