యాభై ఏళ్ల మాట

"రావే ఆఫీసరమ్మా! కుర్చీ తుడుచుకుని కూర్చో. మీ చమురంతా మా కుర్చీల మీదే ఉంది" అన్నాడు అన్నయ్య, తన రిపేరు షెడ్డులో విప్పిన డీజిల్ ఇంజను ముందు గొంతుక్కూర్చుని.

చెల్లెలు కూర్చోలేదు. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. ఆ చదువు ఈ షెడ్డు మసిలోంచే వచ్చింది. ఇప్పుడామె ఉద్యోగం ఊరి చివరి చమురు బావుల ఆఫీసులో. ఏ బావిలో ఇంకెంత మిగిలిందో లెక్కకట్టడం ఆమె పని.

పోయిన నెల అందరూ భోంచేస్తుండగా అన్నయ్య అడిగాడు: "ఈ చమురు ఇంకా ఎన్నేళ్లొస్తుందే?"

అందరి చేతులూ కంచాల్లోనే ఆగాయి. ఇంటిల్లిపాదీ తన నోటివైపే చూస్తుంటే ఆమెకు గొప్పగా అనిపించింది. "యాభై ఏళ్లకి ఢోకా లేదన్నయ్యా" అనేసింది.

అబద్ధం కాదు. ప్రపంచంలో కనిపెట్టి ఇంకా తోడని చమురును ఏడాదికి తోడే చమురుతో భాగిస్తే ఇంచుమించు అంతే వస్తుంది. కానీ అన్నయ్య అడిగింది ప్రపంచం గురించి కాదు. ఆ బావుల పంపులూ, ఆ ట్యాంకర్లూ రిపేరుకొస్తేనే షెడ్డు నడిచేది. ఆ బావుల్లో అప్పటికే చమురుకంటే నీళ్లే ఎక్కువ పడుతున్నాయి. పదేళ్లు లాగితే గొప్ప. ఆ సంగతి బయట అనొద్దని ఆఫీసులో చెప్పారు. చెప్పకపోయినా ఆ పూట ఆమె పెద్ద అంకెనే చెప్పి ఉండేది.

ఆ మాట నమ్మబట్టే అన్నయ్య బావమరిదిని కాదన్నాడు. చమురు పని ఎన్నాళ్లో సాగదు, షెడ్డులో సగం కాలిన కరెంటు మోటార్లకు తీగ చుట్టే పనికిమ్మని ఏడాదిగా అడుగుతున్నాడతను.

"మా తమ్ముడు ఇవాళ సాయంత్రం బస్సెక్కేస్తున్నాడు, వేరే ఊళ్లో పనికి" అంది వదిన, షెడ్డు గోడకానుకుని. "చదువుకున్నవాళ్లు చెప్పాక మాబోటివాళ్ల మాట ఎవరిక్కావాలి?"

చెల్లెలు ఇక దాచలేదు. అంతా చెప్పేసింది. ప్రపంచం లెక్క, మన బావుల లెక్క, రెండూ.

అన్నయ్య చేతిలోని ఇంజను నాజిల్ జారి కిరోసిన్ గిన్నెలో మునిగింది.

"ఆరోజే తెలుసా నీకు?"

"తెలుసు."

తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"మీ తమ్ముడికి ఫోన్ కలిపి దీనికివ్వు" అన్నాడు భార్యతో. "వాడికి నా మాటకన్నా దీని మాటమీదే గురి."

అతను వెంటనే ఎత్తాడు, ఆమె గొంతు గుర్తుపట్టాడు. "ఏంటమ్మా! యాభై ఏళ్లుందిగా, అప్పుడే ఏం తొందరొచ్చింది?"

"తప్పు చెప్పాను బావా. మీరు చెప్పిందే నిజం. బస్సెక్కకండి."

బస్టాండు గోల మధ్య "చూస్తాలే" అని అతను ఫోను పెట్టేశాడు.

ఆమె తలెత్తేసరికి అన్నయ్య షెడ్డులో సగం ఖాళీ అయ్యేలా పాత ఇంజన్లను ఒక్కొక్కటే గోడవారకు జరుపుతున్నాడు. సాయం పట్టబోయింది.

"చేతులు మాసిపోతాయి, నువ్వుండు" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.